సున్నపురాతి దారిలో ఏడు రోజులు

"టీచర్, ఆక్సిజన్ ఇచ్చేది చెట్లే కదా. మరి చెట్లు రాకముందు గాలిలో ఆక్సిజన్ ఎక్కడిది?"

తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. సయనోబ్యాక్టీరియా గురించి చెప్పాను. కంటికి కనిపించనంత చిన్న జీవులని, ఎండని వాడుకుని ఆక్సిజన్ వదిలాయని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. అంతా విని, "వాటిని ఎవరైనా చూశారా టీచర్?" అంది. పదిహేనేళ్ళుగా బయాలజీ చెబుతున్నాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను. సింగరేణిలో డ్రిల్లింగ్ విభాగంలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను వరసగా పెట్టెల్లో పేర్చి, ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసుకోవడం ఆయన జీవితమంతా చేసిన పని. "జీవుల్ని చూడలేం గానీ అవి కట్టినవి చూడొచ్చు. వేంపల్లె చుట్టూ చేలగట్ల నిండా అవే" అన్నాడు. దసరా సెలవులు దగ్గర్లోనే ఉన్నాయి. ఒక్క వేంపల్లెతో ఆపకుండా, కథని మొదటి నుంచీ వరసలో చూద్దామని బాబాయి పట్టుపట్టాడు. అలా కుదిరింది ఈ ప్రయాణం.

మొదటి రోజు: తిరుమల

రాత్రి ఖమ్మంలో రైలెక్కి పొద్దున్నే తిరుపతిలో దిగాం. దర్శనం టికెట్లు ముందే తీసుకున్నాం కాబట్టి ఆ టెన్షన్ లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. బాబాయి మోకాళ్ళు ఒప్పుకోవని బస్సెక్కాం.

"కొండవైపే చూస్తూ ఉండు. కింద గుండ్రాటి బండలు, వాటి మీద పలకలు పేర్చినట్టు గోడ. రెండూ కలిసే గీత ఎక్కడొస్తుందో నువ్వే చెప్పు" అని నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రెండు మలుపులు తిరిగాక కనిపించింది. కింద పొరలంటూ లేని గ్రానైట్. దాని నెత్తిన, పుస్తకాలు పడుకోబెట్టినట్టు, క్వార్ట్‌జైట్ పొరలు. మధ్యలో ఉన్నది ఒక గీత మాత్రమే. బస్సు దాన్ని దాటడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

కింది గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాట. పైనున్నది ఒకప్పటి ఇసుక, గట్టిపడి రాయైంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం ఈ రెంటికీ మధ్య 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది. ఆ కాలంలో ఇక్కడ ఏం పేరుకుందో, పేరుకున్నది ఎప్పుడు కొట్టుకుపోయిందో చెప్పే రాయి ఒక్కటీ మిగల్లేదు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని దీనికి పేరు. దేశంలోని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో ఇదొకటి.

నాకు అప్పుడు తట్టింది. భూమి గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట. అంటే కింద గ్రానైట్ గట్టిపడేనాటికి గాలిలో ఆక్సిజన్ లేనట్టే. పైన ఇసుక పేరుకునేనాటికి వచ్చేసింది. మా పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో ముగిసే ఆ ఘట్టం మొత్తం ఈ గీతలోనే జరిగింది. బాబాయితో అంటే, "అందుకే కదా ఇక్కడ మొదలుపెట్టింది" అన్నాడు.

1788లో జేమ్స్ హట్టన్ స్కాట్లాండ్ తీరంలో ఇలాంటి గీతనే చూసి, భూమి వయసు వేల ఏళ్ళు కాదు, ఊహకందనంత ఎక్కువని వాదించాడు. జీవులు కొద్దికొద్దిగా మారుతూ కొత్త జాతులవుతాయని తర్వాత డార్విన్ చెప్పగలిగాడంటే అంత కాలాన్ని ఆయన చేతికిచ్చింది భూగర్భశాస్త్రమే. డార్విన్ ఓడెక్కిన రోజుల్లో ఎక్కువగా రాసుకున్నదీ రాళ్ళ గురించే. ఈ సంగతి పిల్లలకు మేం చెప్పం. రాళ్ళు సోషల్ టీచర్‌కి, జీవులు నాకు అని పంచుకున్నాం.

దర్శనం అయ్యాక శిలాతోరణం దగ్గరికి నడిచాం. రాయి పగుళ్ళలో ఉండే బంగారు బల్లి కోసం చాలాసేపు చూశాను, కనబడలేదు. దానికున్న ఒకే ఒక్క తోబుట్టువు లాంటి జాతి శ్రీలంకలో ఉంది. ఎర్రచందనం సహజంగా పెరిగేదీ ఈ శేషాచలం, చుట్టుపక్కల కొండల్లోనే. మట్టి పలచగా ఉండే ఈ క్వార్ట్‌జైట్ రాళ్ళ మధ్యే దానికి బాగుంటుంది. ఇక్కడ తప్ప ఎక్కడా లేని సైకాస్ మొక్క కూడా ఈ కొండలదే.

రెండో రోజు: వేంపల్లె

కడపలో దిగి వేంపల్లె చేరేసరికి పది దాటింది. ముందు గండి క్షేత్రం వెళ్ళాం. పాపాఘ్ని నది కొండల వరసను నిలువునా కోసుకుని బయటపడే చోట ఆంజనేయస్వామి గుడి. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, రాళ్ళు బాగా కనిపిస్తున్నాయి.

ఆటో అతన్ని గీతల రాళ్ళ గురించి అడిగాం. "మీరు యురేనియమోళ్ళా సార్?" అన్నాడు ముందు. తుమ్మలపల్లె గని దగ్గర్లోనే కాబట్టి రాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళంతా వీళ్ళకు యురేనియం మనుషులే. కాదు, ఈవిడ టీచరు, పిల్లలకు చూపించడానికి అని బాబాయి చెప్పాడు. "గీతల రాళ్ళేనా? మా చిన్నాయన చేను కాడికి పోదాం పాండి. గట్టంతా అవే. నాగలికి అడ్డమొచ్చినవన్నీ ఏరి పెట్టినాం" అన్నాడు.

నిజంగానే గట్టంతా అవే. నడుమెత్తు గోడ, సిమెంటూ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చింది. మొదట నాకేమీ తెలియలేదు, బూడిదరంగు దుమ్ముకొట్టిన రాళ్ళు. బాబాయి ఒక రాయి ముందు కూర్చుని వాటర్ బాటిల్ మూత తీసి దాని మీద నీళ్ళు వంచాడు.

గీతలు లేచాయి. దుమ్ము కిందికి జారిపోతుంటే తెలుపు, బూడిద, లేత గోధుమరంగు వరసలు ఒక్కొక్కటే తేలాయి. అన్నీ పైకి ఉబ్బిన విల్లులే. ఒక విల్లు మీద ఇంకో విల్లు, ఉల్లిపాయను నిలువునా కోసినట్టు. పక్కనే ఇంకో ఉబ్బు. రెండు ఉబ్బుల మధ్య పల్లంలో గీతలు చిక్కగా దగ్గరకొచ్చి మళ్ళీ పైకి లేచాయి. రాయిని పక్కకి తిప్పి పైభాగం చూస్తే, బోర్లించిన చిన్న గిన్నెలు అతికించినట్టుంది. గోటితో కొలిచాను. గోరు మందంలో మూడు నాలుగు పొరలు పట్టాయి. నీళ్ళు ఆరేకొద్దీ గీతలు మళ్ళీ మాసిపోయాయి. ఇంకోసారి పోయమన్నాను.

ఇవే స్ట్రొమాటోలైట్లు. నిస్సారమైన సముద్రపు అంచున, ఎండ అందే లోతులో, సూక్ష్మజీవులు జిగటగా చాపలా పరుచుకుంటాయి. సన్నటి మట్టి వచ్చి ఆ జిగటకి అంటుకుంటుంది. ఆహారం తయారుచేసుకోవడానికి అవి నీళ్ళలోంచి కార్బన్ డయాక్సైడు లాక్కుంటాయి. అది తగ్గినచోట నీళ్ళలో కరిగి ఉన్న సున్నం విడిపడి కిందికి దిగుతుంది. తమ మీద పొర పడగానే జీవులు వెలుతురు కోసం పైకి పాకి కొత్త చాప పరుస్తాయి. కింద రాయి, పైన ప్రాణం. ఆస్ట్రేలియాలో షార్క్ బే దగ్గర ఇప్పటికీ ఇలాంటివి పెరుగుతున్నాయి. ఏడాదికి అర మిల్లీమీటరుకు మించి పెరగవు. అక్కడి నీళ్ళలో ఉప్పు మామూలు సముద్రం కన్నా రెట్టింపు, మేసే నత్తలు అంతగా బతకలేవు కాబట్టి ఇవి బతికాయి. వేంపల్లె రాళ్ళ కాలంలో మేసే జంతువంటూ భూమి మీదే లేదు. సముద్రపు అంచులన్నీ వీటివే.

బాబాయి సంచిలోంచి చిన్న డ్రాపర్ సీసా తీశాడు. నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రాయి మీద ఒక చుక్క వేశాడు. ఏమీ జరగలేదు. "సున్నపురాయైతే ఈపాటికి నురగలు కక్కేది" అంటూ చాకుతో అక్కడే గీకి, రాలిన పొడి మీద ఇంకో చుక్క వేశాడు. ఈసారి సన్నటి బుడగలు లేచాయి. చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తే ఆఖరున వినపడే చప్పుడు, అంతకన్నా మెల్లగా. పొడి చేస్తే గాని పొంగదంటే అది డోలమైట్, సున్నంలో మెగ్నీషియం కలిసిన రాయి. ఆ బుడగల్లో బయటికొచ్చిన కార్బన్ డయాక్సైడులోని కార్బన్, ఒకనాటి సముద్రంలో కరిగి ఉండి, ఈ జీవుల చాప మీద రాయిగా మారింది. ఇన్నాళ్ళకి మా కళ్ళ ముందు తిరిగి గాలిలో కలిసింది.

వయసెలా తెలుస్తుందని ఆటో అతను అడిగాడు. మంచి ప్రశ్న. ఈ రాళ్ళ తర్వాత పేరుకున్న పొరల్లోకి పులివెందుల దగ్గర కరిగిన నల్లరాయి భూమి లోపలి నుంచి చొచ్చుకొచ్చింది. అందులోని ఖనిజ రేణువుల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే సుమారు 188.5 కోట్ల ఏళ్ళని తేలింది. కాబట్టి ఈ గట్టు రాళ్ళు అంతకన్నా పాతవి. ఆ వేడి రాయి డోలమైట్‌ని తాకినచోట రాతినార (ఆస్బెస్టాస్) పుట్టింది. డోలమైట్ ఇలా మార్పు చెందినచోట పుట్టేదే బలపపు రాయి కూడా. నా చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దింది అలాంటి బలపంతోనే. మార్కాపురం పలకలు కూడా ఈ కడప రాళ్ళ సముదాయంలోవే.

2008లో ఖనిజ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హేజెన్ బృందం ఒక లెక్క చెప్పింది. అప్పటికి తెలిసిన సుమారు 4,300 రకాల ఖనిజాల్లో మూడింట రెండు వంతులు, భూమి మీద జీవం లేకపోతే ఏర్పడేవి కావట. ఎక్కువభాగం ఆక్సిజన్ వచ్చాక పుట్టినవే. యురేనియం సంగతే చూడండి. ఆక్సిజన్ ఉన్న నీటిలో అది బాగా కరిగి ప్రయాణం చేస్తుంది, ఆక్సిజన్ లేని చోట తిరిగి రాయిలో చేరుతుంది.

ఫొటో తీస్తుంటే బాబాయి ఆపాడు. "పక్కన ఏదైనా పెట్టి తియ్యి. కొలత లేని ఫొటో రాయికి పనికిరాదు." నా దగ్గర పెన్సిల్ ఉంది, పెట్టాను. ఆ పిల్లకి చూపించాల్సిన ఫొటో అది. గట్టు మీద కూర్చుని బాబాయి తమలపాకులు తీసి, సున్నం డబ్బీ మూత తిప్పాడు. "ఇదీ అదే" అన్నాడు ఆకుకి రాస్తూ.

మూడో రోజు: గండికోట, బెలుం

గండికోట దగ్గర పెన్నా లోయ అంచున పొద్దు పొడవడం చూశాం. ఎర్రటి క్వార్ట్‌జైట్ గోడలు, కింద పచ్చటి నీళ్ళు. జనం బాగా ఉన్నారు, ఎక్కువసేపు నిలబడలేదు.

బెలుం వేరే అనుభవం. మొత్తం గుహలు 3,229 మీటర్లు, అందులో చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. దిగిన పది నిమిషాలకే ఒళ్ళంతా చెమట. ఈ రాయి నార్జి సున్నపురాయి. రాయలసీమ ఇళ్ళలో నేల మీద పరిచే నల్లటి నాపరాయి ఇదే, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళేదీ ఇదే. బాబాయి ఇక్కడ కూడా ఒక చుక్క వేసి చూద్దామన్నాడు గానీ నేనే వద్దన్నాను.

గుహని నీరు తొలిచిందని అందరికీ తెలుసు. కానీ ఉత్త వాన నీటికి అంత బలం లేదు. నేలలోకి ఇంకేటప్పుడు చెట్ల వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని నీరు పుల్లబడుతుంది. సున్నపురాయిని కరిగించేది ఆ పులుపే. అంటే ఈ గుహని తొలిచిన దాంట్లో పైన పెరిగిన గడ్డికీ చెట్లకీ కూడా వాటా ఉంది. గుహ లోపల పాతాళగంగ అనే చోట సన్నగా పారే నీటి చప్పుడు వింటూ ఇదే అనుకున్నాను. నిన్న జీవులు కార్బన్ డయాక్సైడు లాక్కుని రాయిని కట్టడం చూశాం. ఇవాళ జీవులు వదిలిన కార్బన్ డయాక్సైడు రాయిని విప్పడం చూశాం. ఒకే సమీకరణం, బాణం గుర్తు తిరగబడింది.

ఈ గుహలను 1884లో గుర్తించి రాసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, అదే రోజుల్లో బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహలనూ తవ్వించాడు. అక్కడ దొరికిన ఎముకలను ఈమధ్య మళ్ళీ పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. గత 2 లక్షల ఏళ్ళలో అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 నేటికీ ఉపఖండంలో బతికే ఉన్నాయి. మంచుయుగాలు వచ్చి పోయినా, మనుషులు వచ్చినా అవి నిలిచాయి. వేరే ఖండాల్లో పెద్ద జంతువులు కుప్పకూలిన కాలంలో మన నేల మీద ఇలా జరిగిందని చదివినప్పటి నుంచీ ఆ గుహలు చూడాలని ఉంది. టైము చాలలేదు. సాయంత్రం తాడిపత్రి వెళ్ళి కాచిగూడ రైలెక్కాం.

నాలుగో రోజు: హైదరాబాద్

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970లలో 840 ఎముకలు దొరికాయి. అవి 12 జంతువులవి. ఏరి, కూర్చి ఒకటిగా నిలబెట్టారు. 1988లో పి. యాదగిరి దీనికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తల మాత్రం దొరకలేదు, దొరికినవి రెండు పళ్ళే. మనం చూసే తల ఊహించి చేసింది.

పిల్లలు దాని కాళ్ళ దగ్గర నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. అది నిలబడ్డ గుట్ట మాత్రం హైదరాబాద్ గ్రానైట్, తిరుమల కింద చూసిన గ్రానైట్‌కి ఈడుజోడు. "వరస తప్పాం. దీనికన్నా ముందు బొగ్గు రావాలి" అని బాబాయి నొచ్చుకున్నాడు. మధ్యాహ్నం కొత్తగూడెం బయల్దేరాం.

ఐదో రోజు: కొత్తగూడెం, ఇల్లందు

బాబాయి ఇంటి షోకేసులో, పిన్ని పెట్టిన గాజు బొమ్మల పక్కన, ఒక రాతి పలక ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. నల్లటి షేల్ (బురద గట్టిపడ్డ రాయి) మీద అరచేయంత ఆకు ముద్ర, నాలుకలా ఉంటుంది. మధ్యలో గట్టి ఈనె, దాని నుంచి రెండు వైపులా వల అల్లినట్టు సన్నటి ఈనెలు. గ్లోసోప్టెరిస్. గ్రీకులో నాలుక, ఫెర్న్ మొక్క అని అర్థం వచ్చే మాటల కలయిక. బొగ్గు పొర పైకప్పులోంచి ఊడిపడ్డ ముక్క.

1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గంతా పాతిక కోట్ల ఏళ్ళకు పైబడ్డ పెర్మియన్ కాలపు చిత్తడి అడవులది, అందులో పెద్ద పాలు ఈ చెట్టుదే. ఇదే ఆకు ముద్రలు దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. 1912లో అంటార్కిటికా మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. నడవలేని స్థితిలో కూడా వాళ్ళు పారేయలేదు. అందులో గ్లోసోప్టెరిస్ ఉంది. ఈ చెట్టు గింజలు మహాసముద్రాలు దాటి వెళ్ళలేవు, కాబట్టి ఈ ఖండాలే ఒకప్పుడు కలిసి ఉండాలి. ఖండాలు కదిలాయనడానికి ఒక ఆకు సాక్ష్యం చెప్పింది. ఆ కలిసిన నేలకి పెట్టిన పేరు గోండ్వానా, మన గోండుల నేల పేరే.

ఇల్లందులో పాత ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడి బాబాయి ఒక మాట అన్నాడు. "మీ పాఠంలో చెట్టు ఆక్సిజన్ ఇస్తుందంటారు కదా. ఆ చెట్టు చచ్చి కుళ్ళితే, ఇచ్చిందంతా మళ్ళీ ఖర్చయిపోదూ?" అవును, కుళ్ళడానికి అంత ఆక్సిజనూ కావాలి. లెక్క సున్నాకి సున్నా. చెట్టు కుళ్ళకుండా పూడిపోతేనే, దాని కార్బన్ మట్టి కింద ఉండిపోతేనే, ఆక్సిజన్ గాలిలో మిగులుతుంది. మిగిల్చింది ఇసుక, బురద, నేల కుంగడం. ఆ పిల్ల ప్రశ్నకి నేను చెప్పింది సగం జవాబే. ఎవరిచ్చారన్నది చెప్పాను. ఎవరు దాచారన్నది చెప్పలేదు.

ఈ బొగ్గు తీసి కాల్చడమంటే ఆ లెక్కని వెనక్కి తిప్పడమే. బాబాయి ముప్పయ్యేళ్ళ జీతం దాని మీదే వచ్చింది, మా చదువులూ దానితోనే అయ్యాయి. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

25.2 కోట్ల ఏళ్ళ కిందట పెర్మియన్ ముగింపులో, సముద్ర జీవజాతుల్లో సుమారు తొంభై శాతం నశించాయి. సైబీరియాలో పొంగిన లావా దారిలోని బొగ్గు పొరలను కూడా కాల్చింది. గ్లోసోప్టెరిస్ అడవులు పోయాయి. ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ళ పాటు భూమి మీద ఎక్కడా బొగ్గు పేరుకోలేదు. చిత్తడి అడవి మళ్ళీ రావడానికి అంతకాలం పట్టింది.

ఆరో రోజు: కాళేశ్వరం, సిరోంచ

కారు మాట్లాడుకుని తెల్లవారుజామునే బయల్దేరాం. భూపాలపల్లి దాటాక టైరు పంచరై రెండు గంటలు పోయాయి. కాళేశ్వరంలో గోదావరి ప్రాణహిత కలిసే చోటు చూసుకుని, వంతెన మీదుగా సిరోంచ వెళ్ళాం. అక్కడి నుంచి కోట అనే ఊరు దగ్గర, ప్రాణహిత ఒడ్డు. కోటాసారస్ పేరులోని కోట ఇదే.

ఇక్కడి జురాసిక్ సున్నపురాతి పలకల్లో చేపల శిలాజాలు ఉన్నాయి. ఆ కాలంలో ఇది మంచినీటి చెరువు. పక్కనున్న మట్టి పొరల్లో రాక్షసబల్లులు. ఈ కోట పొరల్లోనే దొరికిన బారాపాసారస్ కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. తవ్వకాలు మొదలైంది టాగూర్ శతజయంతి ఏడాదిలో కాబట్టి ఆయన పేరు దాని పేరులో కలిపారు. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం అంతకన్నా చాలా చిన్నది. ఈ మట్టిని నీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శినిలో చూస్తే తొలి క్షీరదాల పళ్ళు దొరికాయి. 1981లో ఒకదానికి జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ పేరు కలిపి కోటాథీరియం హాల్డేనీ అన్నారు. ఆవగింజ పక్కన పెట్టి చూడాల్సినంత పన్ను. రాక్షసబల్లుల కాళ్ళ సందున తిరిగిన ఎలకంత ప్రాణి అది. మన వంశవృక్షం దాని దగ్గరి బంధువుల్లోంచే వచ్చింది.

ఒడ్డున ఒకామె బట్టలుతుకుతోంది, బండ కింద పలకలు పలకలుగా సున్నపురాయి. బాబాయి చుక్క వేస్తే వెంటనే బుసబుస పొంగింది. ఆమె నవ్వి, ఇంకోసారి వెయ్యమంది.

ఏడో రోజు: గౌరీపట్నం, కొవ్వూరు

అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా దేవరపల్లి దగ్గర గౌరీపట్నం చేరాం. క్రషర్ల దుమ్ముకి చెట్లన్నీ తెల్లబడి ఉన్నాయి. రోడ్లకి వేసే నల్లకంకర ఇక్కడిదే. ఆ నల్లరాయి లావా. మామూలుగా ఈ దక్కన్ లావా రాళ్ళు మహారాష్ట్ర వైపు ఉంటాయి, 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, పడమటి కనుమల్లో 2 కిలోమీటర్లకు పైగా మందంతో. అక్కడ పొంగింది నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి ఈ తీరం దాకా వచ్చిందని కొందరు శాస్త్రజ్ఞుల అంచనా. అదే నిజమైతే భూమి మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే.

బ్లాస్టింగ్ లేని వేళ చూసి, వాచ్‌మన్ మమ్మల్ని పాత క్వారీ అంచుదాకా రానిచ్చాడు. కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో తెల్లటి పట్టీ. కంకరకి పనికిరాదని ఆ తెల్లరాయిని పక్కన కుప్ప పోశారు. ఆ కుప్పలో ఒక ముక్క తీసుకున్నాను. ఆలిచిప్ప. సగం రాయిలో కూరుకుపోయి ఉంది, బయటి అంచున పొరలు రేకుల్లా లేచి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే లోపలి పల్లం నున్నగా తగిలింది. కండరం అతుక్కునే గుంట కూడా తెలుస్తోంది. ప్రతి ఏడాదీ క్లాసులో బొమ్మ గీసి, ఇది ఇక్కడ అతుక్కుంటుందని చెబుతాను.

ఒక లావా వచ్చి ఆగింది. దాని మీదికి సముద్రం వచ్చింది, ఆలిచిప్పలు బతికాయి. మళ్ళీ లావా వచ్చింది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట రాక్షసబల్లులు అంతరించిన ఆ మహావినాశనం ఇక్కడ ఈ రాళ్ళ దగ్గరే ఎక్కడో ఉంది. భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ తెల్ల పట్టీలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలను వెతికింది. వినాశనానికి ముందు సముద్రంలో పెద్దవి, నగిషీలున్నవి ఉండేవి. ఇక్కడ దొరికినవి వినాశనం అయిన వెంటనే వచ్చిన మరీ చిన్నవి, సాదా గుల్లలు. అందుకని కింది లావా సరిగ్గా ఆ సరిహద్దు దాకా వచ్చిందని 2008లో వాళ్ళు రాశారు. దక్కన్ లావాయే ప్రధాన కారణమని వాళ్ళ వాదన. మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర పడ్డ గ్రహశకలమే కారణమని ఎక్కువమంది అంటారు. నేనూ అటే మొగ్గుతాను. బాబాయి మాత్రం రాతి పెట్టెల మనిషి కదా, లావా వైపే. దారంతా వాదించుకున్నాం. చివరికి ఏది చంపినా, కోట మట్టిలో దాక్కున్న ఎలకంత ప్రాణుల వారసులకి ఖాళీ దొరికిందన్న దగ్గర ఇద్దరం కలిశాం.

సాయంత్రం కొవ్వూరు గోష్పాద క్షేత్రం మెట్ల మీద కూర్చున్నాం. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. ఆ ఎరుపులో దక్కన్ నల్లరాయి అరిగిన మట్టి ఉంది, బహుశా కోట ఒడ్డు మట్టీ ఉంది. ఆలిచిప్ప ముక్కని రుమాలులో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను, వేంపల్లె ఫొటో ఆ పిల్లకి వాట్సాప్‌లో పంపాను. "పెన్సిల్ మీదేనా టీచర్?" అని వెంటనే మెసేజ్ వచ్చింది. తర్వాత ఇంకోటి: "నేను ముట్టుకోవాలంటే ఎక్కడికి రావాలి?"

బాబాయి డబ్బీలో సున్నం అయిపోయింది. మెట్ల పైన కిళ్ళీకొట్టు ముసలాయన్ని గుల్లసున్నం ఉందా అని అడిగాడు. "ఉందండి. ప్యాకెట్ సున్నం నేను వాడను. గుల్లలు కాల్చి చేసిందే" అన్నాడాయన. బాబాయి ఆకు ఈనె తీసి, వెనకవైపు సున్నం రాసి, నాకూ ఒకటి చుట్టి ఇచ్చాడు.